ఫారం ఇచ్చే ఆఖరి రోజు

పదో తరగతి వరకూ చిలకలగూడలో నేనూ నా స్నేహితురాలూ ఒకే బెంచీ. పరీక్షలైన ఎండాకాలంలోనే దానికి పెళ్లయింది, మరుసటేడు కూతురు పుట్టింది. విశాఖ వైపు నుంచి బతకడానికొచ్చిన మా ఇంట్లో చదువు తప్ప వేరే మాట ఉండేది కాదు. సాఫ్ట్‌వేర్ ఊపు మీదున్న రోజులు. నేను ఎమ్‌సీఏ చేసి, ఉద్యోగంలో కుదురుకుని, ముప్పై దాటాక పెళ్లి చేసుకున్నాను. అంతకుముందు అది చంకలో పిల్లతో కూరగాయల బండి దగ్గర కనిపించినప్పుడల్లా జాలిపడేదాన్ని. ఆ జాలిలో కాస్త పొగరు కూడా ఉండేది, ఒప్పుకుంటాను.

ఆ కూతురే పెద్దయ్యాక నా దగ్గర లెక్కలు చెప్పించుకునేది. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. వాళ్ల నాన్న పెళ్లంటున్నాడని నా స్నేహితురాలు మా ఇంటికొచ్చింది.

"నా బతుకు గిట్ల అయింది. దానిది సుత గట్లనే కావొద్దు. మా ఆయన నా మాట ఇనడు, నువ్వు చెప్తే ఇంటడు. జెర దగ్గరుండి డిగ్రీల చేర్పియ్యవే."

వెళ్లి మాట్లాడాను. ఆయన మెత్తబడ్డాడు. "మాకు గీ ఫారాలు తెల్వయి మేడం. మీరే ఎంబడి తోల్కపోతే పంపుత" అన్నాడు. ఫారం ఇచ్చే ఆఖరి రోజు వస్తానని మాటిచ్చాను. నాకు అన్నీ ఆఖరి రోజుకి తోసెయ్యడం అలవాటు.

ఆ రోజే ఆఫీసులో ప్రాజెక్టు అప్పగించాలి. రెండు గంటలు పర్మిషన్ అడిగితే మేనేజరు మొహం చిట్లించాడు. నేనూ గట్టిగా అడగలేదు. లేటు ఫీజుతో వచ్చే వారం ఇద్దాంలే అని ఫోన్ చేశాను. అమ్మాయి సర్టిఫికెట్లు ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చుందట. వచ్చే వారానికల్లా సంబంధం ఖాయమైపోయింది.

ఏడాది తిరిగేసరికి పద్మారావు నగర్‌లో ఆ పిల్ల శ్రీమంతం. అప్పటికి నాకు ముప్పై ఆరు. రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నిలవలేదు. కడుపుతో ఉన్న పిల్ల తన చేతి గాజులు తీసి, బిడ్డ కోసం ఎదురుచూసేవాళ్లకి తొడిగితే కలిసొస్తుందని మావాళ్లూ నమ్ముతారు, వాళ్లూ నమ్ముతారు. నేను నమ్మను. అయినా స్నేహితురాలు చెయ్యి పట్టి పిల్ల పక్కన కూర్చోబెడితే కూర్చున్నాను.

గాజులు ఎక్కిస్తూ ఆ పిల్ల మెల్లగా అడిగింది.

"ఆంటీ, కాన్పయినంక ప్రైవేటుగ డిగ్రీ కట్టొచ్చా?"

కట్టొచ్చని చెప్పాలి. నాదే తప్పని కూడా చెప్పాలి. కానీ నా చూపు ఆ కడుపు మీదే ఉండిపోయింది. ఆ రోజు నేను వెళ్లి ఉంటే ఇవాళ ఈ గాజులు నాకు దొరికేవి కావు కదా అనిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.