హేమకుండ్ దారిలో వినిపించిన పంచపాత్ర

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ వెటకారమే. నేను ఫార్మసిస్టుని. ఎవరికైనా ఏదో కనబడిందంటే, ముందు ఏ మాత్ర వేసుకున్నారని అడిగే రకం. మెల్‌బోర్న్ శివార్లలో ఉన్న మా క్రెయిగీబర్న్‌లో తెలుగువాళ్ళు భోజనాలకి కలిసినప్పుడు ఎవరైనా అద్దె ఇంట్లో అడుగుల చప్పుడంటూ మొదలుపెడితే, లేచి వెళ్ళి గిన్నెలు సర్దుకునేదాన్ని. ఇప్పుడు నేనే చెప్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి, మీ చోట్లో నేనున్నా నవ్వేదాన్నే.

ముందు మా అత్తయ్య సంగతి. తెనాలి మనిషి, మా దగ్గరే ఉంటారు. పూజలో కూర్చుంటే మౌనం. కర్పూరం అయిపోయినా, నైవేద్యం తేవాలన్నా నోరు తెరవరు, ఉద్ధరిణితో పంచపాత్ర అంచు మీద కొడతారు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. నేను ఏ మూలనున్నా "వస్తున్నా అత్తయ్యా" అని పలకాలి. పలక్కపోతే మళ్ళీ కొడతారు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే తంతు. ఒక్కోసారి ఆ చెంచా ఎక్కడైనా దాచేద్దామా అనిపించేది.

మా పూజగది మెట్ల కింది స్టోర్‌రూమ్. ఇక్కడి ఇళ్ళలో రెండు అగరొత్తులు వెలిగిస్తే చాలు, స్మోక్ అలారం వీధంతా వినబడేలా మొత్తుకుంటుంది. ఆ బాధ పడలేక మా ఆయన ప్రసాద్ పొగ బయటికి రాకుండా ఆ గదికి బిగుతైన తలుపు పెట్టి, అంచుల చుట్టూ రబ్బరు పట్టీ అంటించారు. కిటికీ ఎలాగూ లేదు. అలారం నోరు మూయించామని తెగ మురిసిపోయాం. అత్తయ్య పంచపాత్ర కొట్టాలన్నప్పుడు మాత్రం తలుపు ఓరగా తీసేవారు.

పక్కింటి హర్జీత్ ఆంటీకి హేమకుండ్ సాహిబ్ వెళ్ళాలని ఎప్పటినుంచో కోరిక. హిమాలయాల్లో, మంచుకొండల మధ్య సరస్సు ఒడ్డున ఉన్న గురుద్వారా అది. ఆవిడ మోకాళ్ళు సహకరించవు. మేం ఇండియా వెళ్తున్నామని తెలిసి, ఆ సరస్సు నీళ్ళు ఒక సీసాలో తెచ్చిపెట్టమన్నారు. కొండలంటే పిచ్చి ఉన్న ప్రసాద్ ఎగిరి గంతేశారు. అత్తయ్యకి గుండె జబ్బు, అంత ఎత్తుకి రాకూడదు. "నాకు హర్జీత్ ఉంది, నా రాముడున్నాడు. మీరు వెళ్ళి రండి" అన్నారు. ఇంటి తాళంచెవి ఒకటి ఆంటీకిచ్చి, మా అమ్మాయి శ్రేయతో సహా ముగ్గురం బయల్దేరాం.

కొండ కింది మజిలీ ఘాంఘరియాలో లాడ్జి తీసుకుని, తెల్లవారుతూనే ఎక్కడం మొదలుపెట్టాం. ఆయాసం నన్ను పిండేసింది. పైన తలకి గుడ్డ కట్టుకుని దర్శనం చేసుకున్నాం. లంగరులో, అంటే అక్కడి అన్నదానంలో, పెట్టిన వేడి కిచిడీ తిని, సీసా నింపుకున్నాం. ఆ ఎత్తులో ఎవర్నీ రాత్రికి ఉండనివ్వరు, మధ్యాహ్నానికల్లా దిగిపోవాలి. దిగుతున్నాం కూడా. అంతలో మబ్బు దారి మీదికే దిగింది. వెనకాలే వడగళ్ళు.

దారి పక్కన మూసేసిన టీకొట్టు ఒకటుంటే అందరం అందులో దూరాం. రేకుల షెడ్డు. గాలికి ఎగిరిపోకుండా తలుపు మూసి, దానికి నలుగురు వీపులు ఆనించి నిలబడ్డారు. కింద దారి మీద రాళ్ళు జారాయని, ఎవర్నీ కదలొద్దని ఎవరో చెప్పారు. కూర్చోడానికి చోటు లేదు, చెయ్యి తిప్పుకోడానికి లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఊపిరి తీసుకుంటే సగమే లోపలికి వెళ్తున్నట్టుంది. నాకు చచ్చేంత భయం వేసింది.

అప్పుడు వినిపించింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి.

రేకుల మీద వడగళ్ళ మోత మధ్య, నా చెవి పక్కనే కొట్టినంత స్పష్టంగా. ఆలోచించకుండానే అలవాటుగా "వస్తున్నా అత్తయ్యా" అనేశాను, గట్టిగానే. పక్కనున్న సర్దార్జీ తిరిగి చూశారు. శ్రేయ నా మొహంలోకి చూసి, "మమ్, హూ ఆర్ యూ టాకింగ్ టు?" అంది. దానికీ, వాళ్ళ నాన్నకీ ఏమీ వినబడలేదు. షెడ్డులో పొయ్యి లేదు, గ్లాసు లేదు, చెంచా లేదు.

మళ్ళీ వినబడలేదు. కానీ ఆ క్షణం నుంచి అక్కడ నిలబడలేకపోయాను. అత్తయ్యకేదో అయిందని ప్రసాద్‌తో అన్నాను. "అక్కడిప్పుడు సాయంత్రం. అమ్మ హాయిగా సీరియల్ చూసుకుంటుంటుంది. నీకు ఆక్సిజన్ తగ్గింది" అన్నారు. నేను తలుపు వైపు తోసుకెళ్ళబోతే నలుగురూ కలిసి ఆపారు. వెళ్ళనిచ్చినా ఎక్కడికి వెళ్తాను? ఏడుపొచ్చింది. దారి వదిలితే గానీ దిగలేం, దిగితే గానీ ఫోన్ లేదు.

లాడ్జి చేరేసరికి చీకటి పడింది. మెల్‌బోర్న్‌లో అందరూ నిద్రపోయే వేళ. పొద్దున చేద్దువులే అని ప్రసాద్ అంటున్నా వినకుండా వైఫై పట్టుకుని అత్తయ్యకి చేశాను. ఎత్తలేదు. హర్జీత్ ఆంటీని నిద్ర లేపాను. మధ్యాహ్నం రొట్టెలు తెచ్చి బెల్ కొట్టాననీ, పలక్కపోతే పడుకున్నారేమో అనుకున్నాననీ ఆవిడ అంటూనే తాళం తీసుకుని పరిగెత్తారు. "పూజగది చూడండి ఆంటీ" అని మాత్రం చెప్పగలిగాను.

అత్తయ్య పొద్దున్న పూజకి లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. తీయబోతే లోపలి పిడి ఊడి చేతిలోకి వచ్చేసింది. ఫోన్ వంటింట్లో ఉంది. గాలి చాలదేమోనని దీపాన్ని పువ్వుతో కొండెక్కించి, చీకట్లో గోడకానుకుని కూర్చున్నారు. నైవేద్యం అరటిపళ్ళు తిని, పంచపాత్రలో తీర్థమే గుక్కెడు గుక్కెడు తాగారు. ఆంటీ బయటి నుంచి తలుపు తీసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడ అన్నారట.

తిరిగొచ్చాక నేనూ, ప్రసాద్ పరీక్ష చేసి చూశాం. ఆయన లోపల కూర్చుని, తలుపు మూయించుకుని పంచపాత్ర కొట్టారు, నేను హాల్లో నిలబడ్డాను. ఏమీ వినబడలేదు. ఆ రోజే ఆ తలుపు పీకి అవతల పారేసి, పరదా కట్టాం.

సర్దిచెప్పుకోవచ్చు. పైన నాకు గాలి తక్కువ, అంతా భ్రమే అనుకోవచ్చు. అలాగే అనుకుందును కూడా. కానీ ఒక రోజు ఆవిడ కాళ్ళకి నూనె రాస్తూ, అంతసేపు చీకట్లో భయం వెయ్యలేదా అని అడిగాను.

"భయమెందుకే? సాయంత్రం నుంచీ కొట్టినప్పుడల్లా వస్తున్నా అత్తయ్యా అంటూనే ఉన్నావుగా. వస్తానన్నదానివి రాకుండా ఎలా ఉంటావులే అని కూర్చున్నా" అన్నారు.

నేను అన్నది ఒక్కసారే. శ్రేయ సాక్షి.

ఇప్పటికీ నాకు అంతు పట్టలేదు. అత్తయ్య కులాసాగా ఉన్నారు, రోజూ పూజ చేస్తున్నారు, రోజూ కొడుతున్నారు. ఆ చప్పుడు వినగానే వెంటనే పలకను నేను. ఒక్క క్షణం ఆగుతాను, నాకంటే ముందు ఇంకెవరైనా పలుకుతారేమోనని.