ముందంతా ఖాళీనే

నేను ఆవగింజంత చూస్తే గుమ్మడికాయంత చెబుతాను. ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత తగువుకు రావద్దు.

మా వీధి కండక్టరన్న ముప్పయ్యేళ్లు ఇబ్రహీంపట్నం బస్సులో జనాన్ని సర్ది సర్ది రిటైరయ్యాడు. పెళ్లి బంతిలోనైనా, చావింట్లోనైనా వెనక నిలబడి, "జర ముందుకు జరుగుండ్రి, ముందంతా ఖాళీనే ఉన్నది" అనేవాడు. ఆ గొంతుకు బస్సు దారిలో అడ్డం పడుకున్న బొంగులూరు బర్రెలు కూడా జరిగేవి.

ఆమధ్య మున్సిపల్ ఆఫీసువాళ్లు అప్పు తెచ్చి రోడ్డు మీద కమాను కట్టారు. అది తీర్చడానికి ఇంటిపన్ను రెట్టింపు చేశారు. అన్నకున్నది రెండు గదుల రేకుల ఇల్లు. అంత పన్ను కడితే వదిన మందులకు పింఛను చాలదు. అందుకే మమ్మల్ని అరవైమందిని పోగేసి ఆఫీసు గేటు ముందు ధర్నాకు దించాడు.

ఎండ మాడ్చేస్తోంది. అన్న అలవాటుగా వెనక చేరి, "జర ముందుకు జరుగుండ్రి" అని అందుకున్నాడు. జరిగాం. గేటు దాటాం, వరండా దాటాం. చివరికి అధికారి గదిలో, ఆయన కుర్చీకీ గోడకీ మధ్య కూడా ఇద్దరం పట్టాం. ఆయన బీరువాకు అతుక్కుపోయాడు.

"ఏం కావాలె మీకు?"

"కమాను కింద నేను పండుకుంటనా సార్?" అన్నాడు అన్న గుమ్మంలోంచి. "అప్పు మీరు జేసి, పన్ను నా రేకుల మీద ఏస్తరా?"

"రాసిస్త. ముందు జర గాలి రానియ్యుండ్రి."

పాత పన్నే ఉంచుతున్నట్టు అక్కడికక్కడే కాగితం రాసిచ్చాడు.

మిగతాదంతా కొంచెం పెంచానేమో గానీ, పూర్తిగా కల్పించింది ఆ కాగితం ఒక్కటే. అన్నకు ఎవరో ఒకరు రాసివ్వాలి కదా అని ఈ కథలో నేనే రాశాను.