సూది వెయ్యని రోజు

తిరుపతిలో నేను డయాలసిస్‌కు వెళ్ళే చోట ఒక సిస్టర్ ఉండేది. ప్రతి మంచం దగ్గరా ఆగి, రక్తం శుభ్రమయ్యే ఫిల్టరు మీద టార్చి వేసి చూసేది. నల్లచారలు కనిపిస్తే లోపల రక్తం గడ్డకడుతున్నట్టు. కనిపించకపోతే "పారతా ఉండాది" అని తనలో తనే అనుకునేది.

ఒకరోజు నా పక్క మంచం మీదికి చంద్రగిరి వైపు నుంచి కిడ్నీలు చెడిన ఒక ముసలి రైతును తెచ్చారు. పొలం గట్టు తగాదాలో సొంత అన్నే కట్టెతో ఆయన తల పగలగొట్టాడు. రక్తం గడ్డకట్టకుండా మా అందరికీ వేసే హెపారిన్ సూది ఆయనకు వేస్తే తలలో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. అందుకని ఆమె పావుగంటకోసారి సెలైన్ వదిలి గొట్టాలు కడుగుతోంది.

అది చూసి రైతు కొడుకు మండిపడ్డాడు.

"అందరికీ ఏసిన సూది మా నాయనకెందుకు ఎయ్యలేదు? మా పెదనాయనతో కుమ్మక్కయినావా?"

ఆమె నోరు తెరిచేలోపే ముఖం మీద గుద్దాడు. ముక్కు పగిలి మాస్కంతా రక్తంతో తడిసింది. గొట్టాలతో మంచాలకు అతుక్కుపోయిన మేమెవరమూ లేవలేకపోయాం. అతను మళ్ళీ చెయ్యెత్తాడు. ఆమె సెలైన్ గొట్టం వదల్లేదు.

"కొట్టేది తర్వాత కొడుదువులే. ఇప్పుడు నేను పక్కకు పోతే మీ నాయన రక్తం దీంట్లోనే గడ్డకట్టి పోతాది. జరుగు!"

ఎత్తిన చెయ్యి దిగింది.

ముక్కులో దూది పెట్టుకుని ఆమె మరో రెండు గంటలు ఆ మంచం దగ్గరే నిలబడింది. రక్తమంతా ముసలాయన ఒంట్లోకి తిరిగి చేరాక మిషను ఆపింది. గ్లవుజులు తీసింది. నేరుగా వెళ్ళి, హాలంతా మోగేలా కొడుకు చెంప పగలగొట్టింది.

"నా పని అయిపోయింది. ఇప్పుడు పోలీసులను పిలుస్తాను. ఈడే నిలబడు."

అతను నిలబడ్డాడు.