ఎల్లేశం వీపు వెనక పాడిన పాటలు

కొడుకు పాటలు వినీ వినీ ఎల్లేశానికి చెవుడొచ్చిందని గోదావరిఖని కాలనీలో పుకారు. "ఏందిరా భూపాల్, నీ పాట పడలేకనే మీ నాయిన చెవులు పోగొట్టుకున్నడట గదా!" అని చాయ్ హోటల్లో నవ్వేవారు. భూపాల్ తలొంచుకుని గిటారు తీగలు బిగించుకునేవాడు. బొగ్గుబాయిలో ఏళ్లతరబడి డ్రిల్లింగ్ చేసి తండ్రికి వినికిడి పోయిందని అతను నమ్మాడు. అందుకే, పొద్దున్నే ఎల్లేశం గడప మీద కూర్చుని బీడీ కాలుస్తుంటే, ఆ వీపు వెనక మంచం మీద కూర్చుని, ఎదురుగా ఎన్నడూ అనలేని మాటలన్నీ పాటలుగా కట్టి పాడాడు. తండ్రి తాగొచ్చి తల్లిని కొట్టిన ఆ ఒక్క రాత్రి మీదే మూడు పాటలు. అవి పాడుతున్నప్పుడు ఎల్లేశం బీడీ వేళ్లదాకా కాలేది కానీ, తల వెనక్కి తిరిగేది కాదు. మొత్తం ఎనిమిది పాటలు ఆల్బమ్‌గా యూట్యూబ్‌లోకి ఎక్కాయి.

ఆ నెలలోనే మెడికల్ బోర్డు చెవుడని ఎల్లేశాన్ని అన్‌ఫిట్ చేసింది, వారసత్వంగా ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది. భూపాల్ మొదటి షిఫ్టుకు బయల్దేరుతుంటే ఎల్లేశం టిఫిన్ డబ్బా అందించాడు.

"మీ అవ్వను ఒక్కనాడు గాదు బిడ్డా, శానసార్లు కొట్టిన. పాటల్ల తక్కువ జెప్పినవ్."

కొడుక్కి ఆ ఉద్యోగం రావాలని ఇంట్లో కూడా చెవిటివాడిగా బతికిన పది నెలలూ ఎల్లేశానికి చెవులు బాగానే వినబడ్డాయి.