చదివేదాకా కదలని మూడు లైన్లు

నా భార్య కిందటి నెల చనిపోయింది. కిడ్నీ జబ్బు. మూడేళ్ళు డయాలసిస్ మీద ఉంది. పాతపట్నంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసేది. తెలుగు టైపు చేసుకునే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసి ఉచితంగా ఇచ్చింది. మీలో కొందరు దాన్ని వాడుతూ ఉండవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. ఆమె పని నాకు ఆమె చెప్పినంత వరకే తెలుసు. లినక్స్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్లను తెచ్చి అమర్చడానికి ప్యాకేజీ మేనేజర్ అని ఒకటి ఉంటుంది. అది పని చేస్తున్నంతసేపూ తెర మీద వందల లైన్లు పరుగెడతాయి. అమర్చాక మనం చేయవలసిన ముఖ్యమైన పని ఏదైనా ఉంటే, ఆ మాట కూడా వాటి మధ్యే వచ్చి పైకి పోతుంది.

ఒకసారి ఆమె తన సాఫ్ట్‌వేర్‌కి కొత్త కూర్పు, అంటే కొత్త వెర్షన్, ఇచ్చింది. పాత ఫైళ్ళను ముందు కొత్త పద్ధతిలోకి మార్చుకోవాలి, మార్చకుండా తెరిచి సేవ్ చేస్తే అక్షరాలు పాడవుతాయి అని, అమర్చేటప్పుడు పరుగెత్తే ఆ లైన్ల మధ్యే సందేశం పెట్టింది. శ్రీముఖలింగంలో ఒక సంగీతం టీచరమ్మ, తన తండ్రి పాడే పాత కీర్తనలను రెండేళ్ళుగా అందులో టైపు చేస్తోంది. ఆయనకు ఎనభై దాటాయి. వేరే ప్రతి లేదు. సందేశం ఆవిడ కంట పడలేదు. మర్నాటికి కీర్తనల చోట అక్షరాలకు బదులు అన్నీ ఖాళీ డబ్బాలు.

ఆవిడ బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. అరవలేదు. "ముందు సెప్పాలి కదమ్మా," అంది, అంతే.

నాకు ఉక్రోషం వచ్చింది. "చెప్పింది కదండీ, తెర మీద వచ్చింది కదా," అన్నాను.

"నువ్వూరుకో బావా," అంది నా భార్య. "కనపడకుండా సెప్తే అది సెప్పడమేటి?"

ఆ వేసవి ప్రతి ఆదివారం శ్రీముఖలింగం వెళ్ళింది. పెద్దాయన మళ్ళీ పాడారు, ఈమె టైపు చేసింది. "ఈసారైనా దాస్తావా అమ్మా, మళ్ళీ నన్నే పాడమంటావేటి?" అని ఆయన ఏడిపించేవారట. దాదాపు అన్నీ తిరిగి వచ్చాయి. రెండు మాత్రం ఆయనకు గుర్తు రాలేదు. ఆ రెండింటి గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. సందేశం గురించే మాట్లాడేది.

ఆమెది భావనపాడు. వాళ్ళమ్మ చేపలమ్మేది. బోట్లు ఒడ్డుకు చేరినప్పుడు అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ముఖ్యమైన మాట వాళ్ళమ్మ ఆ గోలలో చెప్పేది కాదట. తోటి మనిషి నెత్తికి చేపల తట్ట ఎత్తేటప్పుడు, తట్ట అంచు పట్టుకుని చెప్పేదట. "ఊ" అనేదాకా చెయ్యి వదిలేది కాదట.

మొదట ఈమె కూడా అలాగే చేసింది. అమర్చడం మధ్యలో ఆగి, చదివానని మీట నొక్కితేనే ముందుకు సాగేలా పెట్టింది. వారంలోనే గొడవ. ఎవరో ఒక ల్యాబ్‌లో నలభై కంప్యూటర్లకు ఒకేసారి అమర్చమని పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. నలభై చోట్లా అది ఆగి కూర్చుంది.

"తట్ట ఎత్తుకునే మనిషి ఆ టైముకి అక్కడ లేదు బావా," అంది. "తెరిసినప్పుడు పట్టుకోవాలి."

సందేశాన్ని సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిచే చోటికి మార్చింది. పాత ఫైళ్ళు ఉన్నవాళ్ళకే కనబడుతుంది. "అక్కర్లేనోళ్ళకి సూపిస్తే అక్కరున్నోళ్ళూ సదవడం మానేస్తారు," అనేది. పదకొండు లైన్లను మూడు చేసింది. డయాలసిస్ మంచం మీద ఉండి, ఆ మూడు లైన్లనూ నా చేత పైకి చదివించేది. నేను ఎక్కడ ఆగితే అక్కడి మాట తీసేసేది.

ఆమె పోయిన ఆరో రోజున పెద్దకర్మ కార్డుల కోసం బజారులో డీటీపీ షాపుకి వెళ్ళాను. ఎన్నాళ్ళుగానో ఆమె సాఫ్ట్‌వేర్ పాత కూర్పే వాడుతున్న షాపతను ఆ పొద్దున్నే కొత్తది అమర్చాడట. అది ఎవరు చేసిందో అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

"అమ్మగారి పేరు సెప్పండి మాస్టారూ," అంటూ తెరిచాడు. చెప్పాను. అతని చేతులు కదల్లేదు.

"ఉండండుండండి. ఇదేదో సెప్తన్నాది."

"ఏమంటోంది?"

"పాత ఫైళ్ళు ముందు మార్చుకోమంటన్నాది. ఊళ్ళో పెళ్ళి కార్డులన్నీ ఇందులోనే ఉన్నాయి బాబూ. సూసుకోకుండా నొక్కీసుంటే పోయేవి!"

నా వెనక నిలబడ్డ మనిషి తొందరపెట్టాడు.

"ఆగవోయ్, సదవనీ," అన్నాడు షాపతను. కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, తెరకు దగ్గరగా జరిగి, పెదవులు కదుపుతూ, మొదటి లైను నుంచి మళ్ళీ చదవసాగాడు.