విసుర్రాయి ఆగినంతసేపు

నా కొడుకు కూతురు పురిటికి వచ్చి నెలైంది. తొట్టెల పక్కన ఫోను పెట్టి, అందులోంచి వాన కురుస్తున్న చప్పుడు వచ్చేలా చేస్తుంది. బయట ఎండ మండిపోతుంటే మా ఇంట్లో మాత్రం రోజూ ముసురే. పసివాడికి పగలేదో రాత్రేదో తెలియాలట, పొద్దున్నే వెలుతురు చూపించాలట, కళ్లు మూతలు పడుతుండగానే తొట్టెల్లో వేయాలి గాని ఒళ్లోనే నిద్రపుచ్చి వేయకూడదట. ఫోనులో చదివి నాకు అప్పజెబుతుంది. నేను బుద్ధిగా వింటాను. ఇవన్నీ మా అత్త అక్షరమ్ముక్క రాకుండానే చెప్పిందంటే నవ్వుతుంది. నిన్న మధ్యాహ్నం ఫోనులో ఛార్జింగ్ అయిపోయి ఆ వాన ఠక్కున ఆగింది. మునిమనవడు కదల్లేదు. నా చేతిలోని చాయ కప్పు మాత్రం జారి పడింది.

మా అత్తగారి ఊరు దేవరకొండ దగ్గర. నేను ఆలేరు వైపు పిల్లను. మా పుట్టింట్లో బాలింత గది అంటే చీకటి, నిశ్శబ్దం. తలుపు కిర్రుమన్నా మా అమ్మ కసిరేది. తొలి కాన్పుకు అక్కడికే వెళ్లాలి గాని, ఆ ఏడాది దారుల నిండా తుపాకులే కావడంతో అత్తింట్లోనే కన్నాను. ఇరవయ్యొకటో రోజున మా అత్త చీర తొట్టెలను తీసుకెళ్లి సరిగ్గా విసుర్రాయి పక్కన దూలానికి కట్టింది. జొన్నలు విసురుతుంటే ఆ గదిలో మనిషి మాట మనిషికి వినపడదు. నాకు ఒళ్లు మండింది. నీకు బిడ్డ మీద ప్రేమ లేదని ముఖం మీదే అన్నాను. పదిహేడేళ్ల పొగరు మరి.

"సప్పుడుల పన్న పోరడు ఏడైనా పంటడు బిడ్డా. గప్‌చుప్‌ల పెంచితే ఈగ వాలినా లేస్తడు" అంది అత్త.

అసలు సంగతి పక్కింటి వదిన చెప్పింది. కూలికి పోయే తల్లులు పిల్లలకు ఆవగింజంత నల్లమందు నాకించి గట్టున పడుకోబెట్టడం అప్పట్లో మామూలే. అత్త కూడా తన తొలిచూలు బిడ్డకు అలాగే పెట్టింది. ఆ బిడ్డ మళ్లీ లేవలేదు. తర్వాత పుట్టిన నా భర్తను ఆమె రాయి చప్పుడుతోనే నిద్రపుచ్చిందట. పది రోజుల్లో నా కొడుకు కూడా రాయి తిరగగానే ఆవులించడం నేర్చుకున్నాడు. తిరకాసు ఒక్కటే, రాయి ఆగితే లేచేవాడు. నేను ఓడిపోయానని ఒప్పుకోలేదు గాని గొడవ మానేశాను.

నా భర్త అప్పటికే మా ఊరి దొర మీద తిరగబడ్డ సంఘంలో చేరి దళంతో గుట్టల్లోకి వెళ్లిపోయాడు. పెళ్లాన్నీ బిడ్డనూ పట్టుకుంటే తనే దిగి వస్తాడని దొర ఆలోచన. ఆ రోజుల్లోనే దొర మూక పక్క ఊరి మీద పడ్డప్పుడు, జొన్నచేన్లో దాక్కున్నవాళ్లను ఒక పసిపిల్ల ఏడుపు పట్టించింది. తల్లితో సహా నలుగురిని ఆ చేన్లోనే కాల్చారు. ఆ కబురు విన్నాక వదిన నా కొంగు చివర చిన్న నల్లమందు ఉండ కట్టి, అత్తకు చెప్పొద్దంది. అత్త తన ఏర్పాటు తాను చేసింది. విసుర్రాయి పక్కనే ధాన్యం దాచే పాతర ఉండేది, నేలలో తవ్విన లోతైన గుంత. దాన్ని నాలుగు రోజులు తెరిచి గాలి పట్టించింది. మూతబండ మీద గోనె పరుచుకుని కూర్చుని తాను విసురుతుంటే, కింద మేమిద్దరం ఉండాలి.

ఒక పొద్దున వాడు పాలు తాగుతుండగా ఊరి మొదట తుపాకీ పేలింది. అత్తా వదినా మమ్మల్ని గుంతలోకి దింపి, గాలికి సందు వదిలి బండ జరిపారు. వదిన తన ఇంటికి పరుగెత్తింది. పైన రాయి తిరిగింది, వాడు నా ఒళ్లో నిద్రపోయాడు. వదిన భర్తను వాకిట్లోకి ఈడ్చి కొడుతున్న కర్రల చప్పుడు, అతని అరుపులు, తర్వాత తుపాకీ, ఆ మీద ఆమె ఏడుపు అన్నీ వినపడ్డాయి. మా ఎద్దును కొట్టంలోనే కాల్చారు. అది కూలితే నేల అదిరి నా మీద మన్ను రాలింది. వాడు కదల్లేదు.

బూట్లు లోపలికి వచ్చాయి. కోడలేదని అడిగారు. పుట్టింటికి పోయిందని అత్త చెప్పింది.

"బిడ్డ లేకుంటే గా తొట్టెల ఎవలికే?" అన్నాడొకడు.

తొట్టెల విప్పి వెంట తెచ్చుకోవడం నా పని. మరిచిపోయాను. ఈ ముక్క రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అత్త విసురుతూనే ఉంది. ఆపమన్నాడు, ఆపలేదు. పిడి పట్టుకున్న చేతి మీద తుపాకీ మడమతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు కిందికి వినపడింది. అత్త అరిచింది. ఆ అరుపుకు కూడా నా కొడుకు లేవలేదు. రాయి ఆగిపోయింది, అందుకు లేచాడు.

నా అరచేతి కింద వాడి పొట్ట బిగుసుకుంది. ఏడ్చే ముందు అలా ఊపిరి బిగబట్టేవాడు. నేను పళ్లతో కొంగు ముడి విప్పి, నల్లమందు వేలికి అంటించుకుని వాడి పెదవి దాకా తెచ్చాను. ఎంత అంటిందో చీకట్లో తెలియలేదు. ఏడిస్తే ఇద్దరం చస్తాం, నాకితే వీడొక్కడు. ఏదో గొప్పగా ఆలోచించానని చెప్పను. భయంతో ఉచ్చపోసుకున్నాను.

అప్పుడు పైన గర్రుమంది. రాయి కొంచెం తిరిగి ఆగింది, మళ్లీ తిరిగింది. అత్త ఎడమ చేత్తో విసురుతోంది. ఆ కుంటి చప్పుడుకు వాడి పొట్ట మెల్లగా సడలింది. నేను వేలు మట్టిలో గుచ్చి తుడిచాను. పైన దెబ్బలు పడుతూనే ఉన్నాయి. చివరికి పిచ్చిముసలిదని తిట్టి, తొట్టెల కోసేసి, గడ్డివాముకు నిప్పు పెట్టి పోయారు. వాళ్లు పోయాక కూడా రాయి చాలాసేపు ఆగలేదు.

వదినే వచ్చి బండ జరిపింది, చీర నిండా భర్త నెత్తురుతో. పైకొచ్చి చూస్తే రాయిలో ఒక్క జొన్న గింజ లేదు. వట్టి రాతిపొడి, దాని మీద అత్త నెత్తురు. తొట్టెల మరిచింది నేనేనని ఏడుస్తూ చెప్పాను.

"పోరడు పన్నడా?" అంది.

పన్నడన్నాను.

"మరింకేంది" అని గోడకు ఒరిగింది.

పోలీసు యాక్షన్ అయింది, దొర మూక మాయమైంది, నా భర్త ఇల్లు చేరడానికి మాత్రం మరో మూడేళ్లు పట్టింది. అత్త మణికట్టు వంకరగానే ఉండిపోయింది. నా కొడుక్కిప్పుడు డెబ్బై దాటాయి. కరెంటు పోతే ఇంట్లో అందరూ ఉక్కకు లేస్తారు, వాడు ఫ్యాను చప్పుడు ఆగినందుకు లేస్తాడు. నిన్న ఫోనులో వాన ఆగినప్పుడు కూడా పక్క గదిలోంచి లేచి వచ్చింది వాడే. ఏం లేదు, పండుకోమన్నాను. మనవరాలు ఛార్జింగ్ పెట్టింది, వాన మళ్లీ మొదలైంది, వాడు వెళ్లి పడుకున్నాడు. నా తొంభై ఏళ్లూ ఎటు పోయాయో తెలియదు గాని, ఆ రాయి ఆగి మళ్లీ తిరిగేలోపలి కాలం మాత్రం ఇంకా గడవలేదు. వేలు చాపుకుని నేనింకా అందులోనే కూర్చుని ఉన్నాను.