ఘన్‌పూర్‌లో దిగిపోయిన హంతకుడు

పెళ్లిచూపులకు వెళ్లి చొక్కా మీద చాయ్ ఒలకబోసుకున్న వాళ్లుంటారు. నేను వెళ్లి ఒక హత్య కేసు నెత్తినేసుకున్నాను. ఇంకాస్త అయితే నా పెళ్లి కూడా సినిమాలో చచ్చిన ఒక బాక్సర్ పక్కనే రింగులో పడి చచ్చేది!

బడి నన్ను ఎనిమిదో క్లాసులోనే నాకౌట్ చేసింది. హనుమకొండలో బైకు సీట్లు కుడతాను, కుట్టలేనిది నా నోరొక్కటే. అందుకే పిల్ల వాళ్ల ఊరు పాలకుర్తికి వెళ్లే దారి పొడుగునా అమ్మ మొత్తుకుంది. “బిడ్డా, నీకు దండం పెడ్త, ఆడ జర సప్పుడు జేయక కూసో. పిల్ల మంచిది.”

పిల్ల పేరు సునీత. ఆ ఇంట్లో చెల్లేది మాత్రం వాళ్ల నాయనమ్మ మాట. మేం వెళ్లేసరికి ఆమె టీవీకి అతుక్కుపోయి ఉంది. పాత నలుపు తెలుపు సినిమా. బాక్సింగ్ పోటీ మధ్యలో, దెబ్బ తగలకుండానే బాక్సర్ దబ్బున పడి చచ్చిపోయాడు. ఎవరో విషం పెట్టారు.

“ఇది ఒడిసినంకనే పిల్లను సూపిస్తం,” అంది అవ్వ. “నా పెండ్లైన కొత్తల టాకీసుల సూస్తాంటె ఆఖర్ల కరెంటు పాయె. ఎవడు సంపిండో ఇయ్యాల్టిదాక ఎరుక లేదు.”

మాకు చాయ్‌లు వచ్చాయి, సినిమా ఆఖరుకొచ్చింది. తలుపు చాటు నుంచి సునీత చూస్తోంది. మొనగాడిననిపించుకోవద్దా మరి? మీరే చెప్పండి!

“గింత ఫికరెందుకవ్వా? నేను సూసిన. సంపింది ఆ బాక్సర్ కోచే!”



“ఓరి నీ నోట్లె మన్నువడ!” అవ్వ నా మీదికి రిమోట్ ఎత్తింది. “ఇన్నేండ్లు ఆగిన. నువ్వు ఇంకో ఐదు నిమిషాలు ఆగకపోతివి?”

సునీత నాన్న నా చేతిలోని సగం తాగిన చాయ్ కప్పు వెనక్కి తీసేసుకున్నాడు. అమ్మ చెప్పులు వెతుక్కుంది. “లే, పోయి సీట్లు కుట్టుకుందువు.”

“ఆగుండ్రి!” తలుపు చాటు నుంచి సునీత అరిచింది. “సంపింది కోచ్ కాదు!”

అందరం టీవీ వైపు తిరిగాం. పోలీసులు బేడీలు వేస్తున్నది డాక్టరుకు! బాక్సర్ నాడి పట్టుకుని, అందరికంటే గట్టిగా ఏడ్చిన డాక్టరుకు!

అవ్వ నా వైపు తిరిగింది. “నిజం జెప్పు. ఈ సినిమా యాడ సూసినవ్?”

“రైల్లవ్వా... పక్కాయన ఫోన్ల తొంగి సూసిన.”

“మరి ఆఖరు?”

“ఆయన స్టేషన్ ఘన్‌పూర్ల దిగిపాయె. హంతకుడు గూడ ఆయనెంబడే దిగిండు.”

అవ్వ పడీ పడీ నవ్వింది. కళ్లు తుడుచుకుని కొడుకుతో అంది: “పోరనికి చాయ్ పొయ్యిరా. వీని కడుపుల ఏం దాగదు, అబద్ధమాడినా గడియల దొరుకుతడు. పిల్ల సుఖపడ్తది.”

అట్లా పెళ్లయింది. ఇప్పుడు అత్తగారింట్లో ఏ హత్య సినిమా మొదలైనా ముందు నన్నే పిలుస్తారు. “మనుమడా, ఎవడు సంపిండంటవ్?” నేను ఒకడి పేరు చెప్తాను. “అమ్మయ్య, వాడైతే కాదు,” అంటుంది నా భార్య. అందరూ వాణ్ణి వదిలేసి మిగతావాళ్ల మీద పడతారు.

అందుకే, ఆనాటి సగం చాయ్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తెర మీద ఎవడు ఎవణ్ణి నా కళ్లెదుటే పొడిచినా సరే, నేనేమీ చూడలేదు!